స్టూలంటే మన బల్లనే

రాత్రి కురిసిన వానకు నేను వాకిట్లో తడిసిపోయాను. తెల్లవారేసరికి ఆ తప్పు ఎవరిదన్న దాని మీద ఇంట్లో గొడవ మొదలైంది.

"బల్లను వాకిట్ల ఎవలు ఇడిసివెట్టిండ్రు? కాళ్లు ఉబ్బిపోవా?" అంది లింగవ్వ, కొంగుతో నన్ను తుడుస్తూ.

"నన్నడుగుతవేందవ్వా? నీ కోడల్నడుగు," అన్నాడు ఆమె కొడుకు రాజేశం.

"నిన్న బల్లెక్కి పందిరి మీది బీరకాయలు తెంపింది నేనా?" అంది కోడలు జమున, పొయ్యి దగ్గరి నుంచే.

"బీరకాయ కూర తినేటప్పుడు ముగ్గురున్నరు. బల్ల లోపట వెట్టేటప్పుడు ఒక్కలు లేరు," అని లింగవ్వ తీర్పు చెప్పి, నన్ను పొయ్యి పక్కన ఆరబెట్టి, నేను ఆరకముందే నా మీద కూర్చుంది.

నేను ఒక స్టూలును. నాలుగు కాళ్లు, పైన ఒక పలక, ఎత్తుకోవడానికి పలక మధ్యలో చెయ్యి పట్టేంత చీలిక. ఇంతకు మించి నా దగ్గర చెప్పుకోదగ్గదేమీ లేదు. ఆ పొద్దుటి గొడవ నాకింత బాగా గుర్తుండడానికి కారణం ఉంది. ఆ రోజు మధ్యాహ్నమే జమున వార్డు మెంబరుగా రెండోసారి నామినేషన్ వేసింది. ఆ ఇంట్లో నా గురించి జరిగిన చిన్న గొడవల్లో అదే ఆఖరిది.

నన్ను చేసింది వడ్ల కనకయ్య. ఎవరి ఇంటికో టేకు దర్వాజా చేయగా మిగిలిన ముక్కలతో మూడు కాళ్లు వచ్చాయి. నాలుగోదానికి కర్ర చాలక వేపకొయ్య పెట్టాడు. రంగు వేస్తే ఎవరికి తెలుస్తుందన్నాడు. నిజమే, ఎవరికీ తెలియలేదు. కొన్నాళ్లు బస్సులు ఆగే చోట దర్జీ దుకాణంలో ఉన్నాను. కొలతలిచ్చే పెళ్లికొడుకులు నా మీద ఎక్కి, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కునేవారు. తర్వాత పక్కనున్న చాయ్ హోటల్‌కు మారాను. ఊళ్లో రాజకీయం అంటే ఏమిటో అక్కడే నేర్చుకున్నాను. నా మీద కూర్చుని ఓ నాయకుణ్ని తిట్టినవాడు, అతను రాగానే లేచి నన్నే తుడిచి అతనికి వేసేవాడు. హోటల్ మూతపడినప్పుడు, మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చోలేని లింగవ్వ నన్ను అడిగి తీసుకుని, నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చింది.

ఆ ఇంట్లో నా పేరు మారింది. నాలుగు కాళ్లుండి మంచం కానిదంతా లింగవ్వకు బల్లే. ఆమె అంటుంటే కొడుకూ అన్నాడు, కోడలూ అంది. నాకు ఆ పిలుపు నచ్చింది. స్టూలు అంటే దుకాణంలో వస్తువులా ఉంటుంది, బల్ల అంటే ఇంట్లో మనిషిలా ఉంటుంది.

జమున ఇంటర్ చదివి ఆ ఇంటికి వచ్చింది. ఆ వాడలో ఆడవాళ్లందరిలాగే బీడీలు చుట్టేది. పిల్లలిద్దరూ గురుకులంలో చేరాక మధ్యాహ్నాలు అత్తాకోడళ్లవే. అత్త నా మీద, కోడలు నా పక్కన నేల మీద, ఒడిలో చాట. కత్తిరించిన ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టడం. వేళ్లు బిగుసుకుపోయి లింగవ్వ మానేసినా, కబుర్లు మానలేదు.

మొదటిసారి ఆ వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయినప్పుడు రాజేశం భార్య చేత నామినేషన్ వేయించాడు. గోడల మీద రాసిన రాతల్లో 'రాజేశం భార్య' అన్నది పెద్దది, 'జమున' అన్నది చిన్నది. చేతులు జోడించింది రాజేశం, గెలిచాక దండ వేయించుకుంది రాజేశం, పంచాయతీ మీటింగుల్లో కుర్చీలో కూర్చుంది రాజేశం. పంచాయతీ లెక్కలు రాసే కారోబారు రిజిస్టరు ఇంటికి తెస్తే, జమున పిండి చేతులు కడుక్కుని వచ్చి, దాన్ని నా మీద పెట్టుకుని సంతకం చేసేది. ఆమె మెంబరుతనమంతా నా పలక మీదే జరిగింది.

చివరి సంవత్సరం రాజేశం కాలు విరిగి మంచాన పడ్డాడు. ఒక మీటింగుకు ఆమే వెళ్లాల్సి వచ్చింది. తిరిగి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా నా మీద కూలబడింది.

"అత్తా, నేను మాట్లాడిన," అంది.

"ఏం మాట్లాడినవే?"

"నల్లా నీళ్ల ముచ్చట. పొద్దున మనం బీడీలప్పజెప్ప కార్ఖానకు వోయిన యాళ్లకే నీళ్లిడుస్తున్నరు. వచ్చేసరికి బందైతున్నయి. మేం వచ్చినంక ఇడువుండ్రి అన్న. అంతే. సరే అన్నరు."

"గింతేనా? ఇన్నేండ్ల సంది అడుగక పాయె గదనే మీ ఆయన!"

"ఆయనెప్పుడన్న బిందె వట్టిండా అత్తా?"

ఇద్దరూ పడిపడి నవ్వారు. ఆ నవ్వుకు నా వేపకాలు కిర్రుమంది. ఆ వారం నుంచి వాడలో ఆమెను రాజేశం పెండ్లాం అనడం మానేశారు. మెంబరమ్మ అన్నారు.

అందుకే ఈసారి ఆమె తనే అడిగింది. రాజేశం చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు, కానీ ఒక మాట తీసుకున్నాడు. "ఇదొక్కసారే. మనోళ్లు నీకే ఓటేస్తరని నువ్వంటున్నవు. ఎయ్యలేదనుకో, మళ్ల ఈ ఊసెత్తొద్దు. బీడీలు చేసుకుంట ఇంట్ల ఉండాలె."

"సరే," అంది జమున. గోడల మీద ఈసారి 'జమున' అని మాత్రమే రాయించింది.

పంచాయతీ ఓట్ల కాగితం మీద పోటీచేసేవాళ్ల పేర్లుండవు, గుర్తుల బొమ్మలే ఉంటాయి. పేర్ల అక్షర క్రమంలో గుర్తులిస్తారు. పోటీకి నిలబడ్డ పై వాడ చంద్రకళ పేరు ముందు వచ్చింది, ఆమెకు బల్ల. జమునకు స్టూలు. అక్షరాలకు మన ఇళ్లలో ఎవరు దేన్ని ఏమని పిలుస్తారో తెలియదు కదా.

గుర్తు పేరు వినగానే ఆ ఇల్లంతా నా వైపు చూసింది. కనకయ్య చేతి నుంచి వచ్చాక నాకు మళ్లీ రంగు పడింది ఆ రోజే. పసుపు రాశారు, బొట్టు పెట్టారు, బంతిపూల దండ వేశారు. అన్నం గిన్నెలు దించి నా మీద మసి చేసిన మనుషులే నన్ను నెత్తిన పెట్టుకుని డప్పుతో ఊరేగించారు. మూల మలుపులో జమున నా మీద ఎక్కి మొదటిసారి మాట్లాడింది. పైకి గొంతు వణకలేదు. కింద మాత్రం కాలి వేళ్లు నా పలకను గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"స్టూలు గుర్తుకే మన ఓటు!" అని వాడలోని కొత్త కోడళ్లు అరిచారు. జమున కూడా ఇంటి బయట ఒక్కసారైనా నన్ను బల్ల అనలేదు. ఆమె జాగ్రత్త ఆమెది.

లింగవ్వ ఊరేగింపులకు నడవలేదు. ఆమె ప్రచారం వేరు. మధ్యాహ్నం పూట నన్ను చంకన పెట్టుకుని తన ఈడు వాళ్లు కూర్చునే అరుగుల దగ్గరికి వెళ్లేది. నా మీద కూర్చునేది. కోడలి గురించి చెప్పేది.

"నా కొడుకుకు ఎయ్యమంటలే. నా కోడలుకు ఎయ్యుమంటున్న. నీళ్లిడిసే యాళ్ల మార్పిచ్చిందెవలు? గది యాదిల వెట్టుకోండ్రి."

"అది సరేగని లింగవ్వా, గా స్టూలంటే ఏందే? మా మనుమరాలు ఒర్రుతున్నది, నాకు సమజైతలేదు," అంది కొమురవ్వ అనే ముసలామె.

"స్టూలంటే ఏం లేదే. మన బల్లనే. ఇగో, నా కిందున్నది."

"మరి చంద్రకళది బల్ల అంటున్నరు గద?"

"వాళ్లది టేబులు! సారులు రాసుకునేది. మనది బల్ల. బల్ల అని యాదుంచుకో, చాలు."

ఆ మాట విన్నప్పుడు నేను మామూలు కొయ్యనైనందుకు మొదటిసారి బాధపడ్డాను. అరుగు తర్వాత అరుగు. వాళ్లు మరిచిపోతారేమోనని ఆమె మళ్లీ మళ్లీ అనిపించింది. "ఏమని చెప్పిన? ఏ బొమ్మ?" "బల్ల!" "ఇంకోపారి?" "బల్లనే తియ్యె, చెవులు తింటవు!" అందరూ నవ్వేవాళ్లు. ఇంటికి వచ్చేటప్పుడు ఆమె నడకలో మోకాళ్ల నొప్పి ఉండేది కాదు. "నా ఈడోళ్ల ఓట్లు ఒక్కటి గూడ పోదు బిడ్డా," అనేది కోడలితో. జమున అత్త చేతులు పట్టుకునేది.

ఓట్ల రోజు గుర్తు కనబడకూడదని నా మీద గోనెసంచి కప్పారు. ఓట్లు వేసే బడి దగ్గర జరిగింది నాకు తర్వాత తెలిసింది. చూపు సరిగా ఆనని ముసలమ్మలు చీటీలు రాసే అమ్మాయిని "బల్ల బొమ్మ యాడుంటది బిడ్డా?" అని అడిగారట. ఆ అమ్మాయి చంద్రకళ వైపు మనిషి. జమున వాడవాళ్లు ఇట్లా అడుగుతున్నారేమిటని ఆశ్చర్యపోయిందట. అయినా అబద్ధం చెప్పలేదు. "మొదటిదే అవ్వా, పైనే," అందట.

సాయంత్రానికి జమున ఓడిపోయింది. తేడా ఒక అరుగు మీద కూర్చునే మనుషులంత.

రాజేశం ఆ రోజు నుంచి వాడలో ఎవరితోనూ మాట్లాడలేదు. "నీళ్లు కావాలె, ఓటు మాత్రం పై వాడకు. ఏం చీరలు వంచిండ్రో!" అని గోడలకు వినిపించేలా అనేవాడు. జమున నల్లా దగ్గరికి వెళ్లడం మానేసింది. రాజేశాన్నే బిందె తెమ్మనేది. తనవాళ్లనుకున్నవాళ్లు తనను ఎందుకు వద్దనుకున్నారో ఆమెకు అర్థం కాలేదు. మధ్యాహ్నం నా మీద కూర్చుని బియ్యం ఏరుతూ, ఏరడం ఆపి, చాటలోకి చూస్తూ ఉండిపోయేది. ఓడిన బరువు ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. మనిషి అంతే ఉంటుంది, కూర్చోవడమే వేరుగా ఉంటుంది.

శనివారం లింగవ్వ ఇంట్లో లేనప్పుడు కొమురవ్వ వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"మీ ఆయన మమ్ముల దొంగలంటుండు. నా మనుమల మీద ఒట్టు మెంబరమ్మా, నేను బల్లకే గుద్దిన."

జమున చేతిలోని చాట కదలడం ఆగింది. "దేనికి?"

"బల్లకు. నీ గుర్తుకే. మేమందరం గట్లనే గుద్దినం. మీ అత్త రోజు చెప్పె గదనే, ఎట్ల మరుస్తం?"

జమున లేవలేదు. నా అంచును రెండు చేతులతో పట్టుకుంది. "మంచి పని చేసినవు కొమురవ్వా. నువ్వు ఓటేసినవని నాకెరుకనే," అంది. "అత్తకు మాత్రం ఈ ముచ్చట చెప్పకు. ఓడిపోయిన బాధల ఉన్నది." కొమురవ్వ తేలికపడి వెళ్లింది. జమున అక్కడే కూర్చుని ఏడ్చింది. వాళ్లు ఆమెను వద్దనుకోలేదు. అందరూ ఆమెకే వేశారు. ఆ సంతోషం ఎవరితోనూ చెప్పుకోవడానికి వీల్లేనిదైంది.

చెబితే రాజేశం మళ్లీ నిలబడనిస్తాడు. మనోళ్లు మనకే వేశారని తేలితే, అతను పెట్టిన షరతు దానంతటదే పోతుంది. అది ఆమెకు తెలుసు. కానీ చెబితే ఎవరు ఓడించారన్నది కూడా చెప్పాలి.

మర్నాడు ఆదివారం. పగటి భోజనానికి ముగ్గురూ కూర్చున్నారు. రాజేశం, జమున నేల మీద, లింగవ్వ కంచం ఒడిలో పెట్టుకుని నా మీద. రాజేశం ముఖం చూస్తేనే ఏదో విని వచ్చాడని తెలుస్తోంది.

"హోటల్‌కాడ అందరు నవ్వుతున్నరు," అన్నాడు. "మన వాడ ముసలోళ్లందరు బల్లకు గుద్దిండ్రట. మన గుర్తని! మనకేద్దామనే వోయిండ్రు. గట్లని వాళ్లకు చెప్పిన తెలివిగలోళ్లెవలో నాకు తెల్వాలె."

లింగవ్వ చేతిలోని ముద్ద నోటి దాకా వెళ్లలేదు. ఆమె బరువు నా మీద ఒక్కసారిగా మారింది. ఆమె రెండు పాదాలూ నేల కోసం వెతుక్కున్నాయి. "బల్లంటే..." అంది. "అరేయ్, బల్లంటే మనది గాదా? నే..."

"నేనే చెప్పిన," అంది జమున.

రాజేశం ఆమె వైపు తిరిగాడు.

"నేనే. ఇంట్ల అన్నట్టే బయట గూడ అన్న. నోటికి అలవాటై పోయింది."

"నీ గుర్తు నువ్వే చెప్పరాకపాయెనా? గింత సదువు సదివి?" రాజేశం కంచం పక్కకు నెట్టాడు. "గుర్తు చెప్పరానిది ఊరికేం చెప్తదే!"

"నువ్వన్నది నిజమే," అంది జమున. ఆమె అత్త వైపు చూడలేదు. లింగవ్వ ఏదో అనబోయింది. జమున గరిటె తీసుకుని లేచి, ఆమెకు మాట్లాడే సందు ఇవ్వకుండా ముందుకు వంగింది.

"ఇగ నేను ఓట్లకు నిలవడ. రేపు కార్ఖానకు వోయి ఆకు తెచ్చుకుంట. అత్తా, ఇంత చారు పోస్త, కంచమిటు వెట్టు."