హ్యారియెట్ మామ్మ కట్టమీద కూర్చున్న రోజు

మా వేట నేలమీద చివరి మాట మా మామ్మ హ్యారియెట్‌ది. వాగులకి కర్రలతో, బురదతో కట్టలు కట్టే బీవర్లు ఏ గూట్లో ఎన్నున్నాయో, ఈ చలికాలం ఎన్నింటిని పట్టొచ్చో ఆవిడే చెప్పాలి. కెనడా అడవుల్లో మా క్రీ జనం పద్ధతి అది. కలప కంపెనీ మేస్త్రీ రెజాన్‌కి ఈ సంగతి తెలుసు కాబట్టే అక్టోబర్‌లో మా గుడారానికి వచ్చాడు. బీవర్లు కట్టిన చెరువు నీళ్లు అతని లారీల రోడ్డు ఎక్కాయి.

"మొత్తం పట్టెయ్యండమ్మా. ఎలాగూ తింటారుగా," అన్నాడు, పొయ్యిమీది కుండ వైపు చూస్తూ.

కుండలో ఉడుకుతున్నది బీవర్ మాంసమే. మామ్మ దాచలేదు.

"తింటాం. గూటికి రెండు పట్టి మిగతావాటి జోలికెళ్లం. తిన్నాక ఎముకలు కుక్కలకెయ్యకుండా ఆ నీళ్లలోనే వదుల్తాం. నువ్వడిగేది కొంపకి కొంప తుడిచెయ్యమని."

"అయితే కట్ట తవ్విస్తాను."

"తవ్వించు. కట్టేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు."

తవ్వించాడు. నీళ్లు పారే చప్పుడు వింటే బీవర్ ఊరుకోదు. తెల్లారేసరికి గండి పూడింది. మళ్లీ తవ్వించాడు, మళ్లీ పూడింది. మూడోసారి సగమే పూడింది. మొదట్లో నాకు భలే నవ్వొచ్చింది. మామ్మ మాత్రం నవ్వలేదు. చెరువు అంచున అప్పటికే మంచు పొర కడుతోంది. ఇంకొక్కసారి నీళ్లు పోయాయంటే నీళ్లడుగునుండే గూటి గుమ్మం బయటపడుతుంది, చలికాలం తిండికి దాచుకున్న కొమ్మలు గడ్డకడతాయి, బీవర్లు పిల్లలతో సహా చస్తాయి. ఆ చెరువులో చేపలూ, అక్కడికొచ్చే మూస్ దుప్పులూ ఉండవు. అప్పుడు మామ్మ మాటకి విలువెక్కడ?

నాలుగో ఉదయం కట్ట తవ్వే యంత్రం వచ్చేసరికి మామ్మ పొడుగు రబ్బరు బూట్లేసుకుని కట్ట మధ్యలో కూర్చుని ఉంది. మోకాళ్లు వంగడంలేదని నెల్లాళ్లుగా మూలుగుతున్న మనిషి.

"లేవండమ్మా, దెబ్బ తగుల్తుంది," అన్నాడు రెజాన్.

"కర్రలు పీకడానికేగా వచ్చావు. నేనూ ఓ కర్రనే. పీకు."

యంత్రం నడిపేవాడు రెజాన్‌ని చూశాడు, మామ్మని చూశాడు, యంత్రం తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. రెజాన్ ముఖం కందగడ్డలా అయింది.

"పోలీసుల్ని తెస్తాను."

"తెచ్చుకో. కట్టమీద చోటుంది."

రెజాన్ వెళ్లాడు. సాయంత్రం దాకా ఎవరూ రాలేదు. నేను రొట్టె, టీ పట్టుకెళ్లి కట్టమీదే ఆవిడకి కాస్త ఎడంగా కూర్చున్నాను. నీళ్లలోంచి ఒక ముసలి బీవర్ తల తేలింది. మమ్మల్ని చూసి తోకతో ఫెళ్లున నీళ్లు కొట్టి మునిగింది. మేం కదల్లేదు. కాసేపటికి చేతుల నిండా బురద తెచ్చి మామ్మ బూటు పక్కన వేసి, రెండు చేతులతో అదిమి వెళ్లింది. మళ్లీ తెచ్చింది. బూటు చీలమండ దాకా పూడిపోయింది.

"నిన్ను నిజంగానే దుంగ అనుకుంటోంది మామ్మా," అన్నాను.

"అనుకోనీ," అంది మామ్మ, కాలు తియ్యకుండా. "మనిద్దరి మధ్య గండిలోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. నువ్విటు జరుగు."

జరిగాను.