అప్పన్న కొండ పేరు

కొల్లేటి లంకల్లో ఆడవాళ్ళు మొగుణ్ణి తిట్టగలరు, అలిగి మాట్లాడకుండా ఉండగలరు, మరీ ఒళ్ళు మండితే దోనెలోంచి నీళ్ళలోకి తోసెయ్యగలరు. పేరు పెట్టి మాత్రం పిలవలేరు. పిలిస్తే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని వాళ్ళ నమ్మకం. దుర్గమ్మకు ఆ నమ్మకం మరీ ఎక్కువ. ఆమె మొగుడి పేరు సింహాచలం. అందుకని ఆ దేవుడి కొండ పేరు కూడా ఆమె నోట రాదు. మొక్కుకోవాల్సి వస్తే "అప్పన్న కొండ" అంటుంది. ఆ పేరే పెట్టుకున్న పిల్లాడెవడైనా ఎదురైతే "ఒరే అబ్బాయ్" అని సరిపెడుతుంది.

అలాంటి మనిషి దగ్గరికి, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు కార్తీక మాసంలో, ఒక దొరసాని వచ్చి మొగుడి పేరు అడిగింది.

దొరసాని పేరు ఇంగ్రిడ్. స్వీడన్ అని ఎక్కడో చలిదేశమట. ఏ దేశంలో ఆడవాళ్ళు మొగుళ్ళతో సంతోషంగా ఉన్నారు, ప్రేమించి చేసుకున్నవాళ్ళు ఎక్కువ సంతోషంగా ఉన్నారా, పెద్దలు చేస్తే చేసుకున్నవాళ్ళా అని కనుక్కుంటూ తిరగడం ఆవిడ పని. ఇలాంటి పనికి జీతం ఎవరిస్తారో దుర్గమ్మకు ఎంతకీ అంతుపట్టలేదు. మాటలు అటూ ఇటూ మార్చి చెప్పడానికి ఏలూరు నుంచి నిర్మల అనే పంతులమ్మ వెంట వచ్చింది. అంతకుముందు తాడేపల్లిగూడెంలో రైసు మిల్లుల వాళ్ళ ఆడవాళ్ళను కదిపి చూశారట. ఏం అడిగినా "మావారిని అడగండి" అన్నారట. విసిగిపోయి కొల్లేటి మీద పడ్డారు.

"మీ ఆయన పేరేమిటి?" అంది నిర్మల, చాప మీద కూర్చుని.

"అప్పన్న కొండ పేరేనండి."

నిర్మల పాస్టరు ప్రభుదాసుగారి అమ్మాయి, మిషను కాంపౌండులో పుట్టి పెరిగిన పిల్ల. ఆమెకు తెలిసిన కొండలు వేరు. దొరసాని వైపు తిరిగి "అప్పన్నకొండ" అని పేరు చెప్పేసింది. దొరసాని తల ఊపింది. అర్థమైందిలే అని దుర్గమ్మ కూడా తల ఊపింది.

"మీ ఆయనతో నువ్వు సుఖంగా ఉన్నావా అని అడుగుతున్నారు."

దుర్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యేం మాటలండీ పంతులమ్మగారూ. పెళ్ళి కావాల్సిన పిల్ల మీరు."

నిర్మల చెవులు ఎర్రబడ్డాయి. సుఖాన్ని తీసేసి సంతోషాన్ని పెట్టి మళ్ళీ అడిగింది.

"సంతోషమేనండి. మొన్న పెద్ద వాలుగ పడింది వలలో."

"చేప సంగతి కాదు. ఆయనంటే నీకు ప్రేమ ఉందా అని."

"ప్రేమంటే పిల్లల మీద ఉంటదండి. ఆయనేం పిల్లాడా?"

దొరసాని నవ్వి తన సంగతి చెప్పుకొచ్చింది. పెళ్ళికి ముందు ఆవిడా ఆయనా ఏళ్ళ తరబడి చెరువు గట్టు మీద కలిసి నడిచారట. పెళ్ళయ్యాక కూడా ఆయన రోజూ పొద్దున్నే పనికి వెళ్ళే ముందు, నువ్వంటే నాకు ప్రేమ అని చెప్పి మరీ గుమ్మం దిగుతాడట.

దుర్గమ్మకు జాలేసింది. "రోజూ చెప్పాలాండీ? మరిచిపోతారా?"

నిర్మల ఆ మాట చెప్పగానే దొరసాని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. తర్వాత ఏదో నెమ్మదిగా అంది. "మరిచిపోతామనే భయంతోనే చెప్పుకుంటామంటున్నారు," అంది నిర్మల. ఆ జవాబుతో దుర్గమ్మకు ఆవిడంటే ఇష్టం కలిగింది. భయమంటే ఆమెకు బాగా తెలుసు. నీళ్ళ మీద బతికేవాడికి పెళ్ళాం అయిన ప్రతి మనిషికీ తెలుసు.

సాయంత్రం వాన పట్టుకోవడంతో వాళ్ళిద్దరూ ఆ రాత్రికి దుర్గమ్మ ఇంట్లోనే ఉండిపోయారు. ఊరికి ఎడంగా ఒక దిబ్బ మీద ఒంటరిగా ఉన్న పాక అది. పిల్లలు ఉండి అనే ఊళ్ళో అమ్మమ్మ దగ్గర ఉన్నారు. ఏలూరు చేపలు తీసుకెళ్ళిన సింహాచలం, చుట్టాలు నిద్రపోయాక వచ్చి, వాళ్ళు లేవకముందే వలలు ఎత్తడానికి దోనె వేసుకుని వెళ్ళిపోయాడు. ఇంటాయన మొహం వాళ్ళు చూడనే లేదు.

తెల్లవారేసరికి మంచు దిగింది. కొల్లేటి మంచు చూసినవాళ్ళకే తెలుస్తుంది. గుమ్మంలో నిలబడితే వాకిట్లో పొయ్యి కనిపించదు. మామూలు రోజుల్లో అయితే దోనె ఎక్కడో ఒకచోట గెడకర్ర నేలకు గుచ్చుకుని ఆగుతుంది, ఎండెక్కాక వస్తుంది. కానీ ఆ నెలలో తుపాను వానలకు ఏరులన్నీ వచ్చి కొల్లేట్లో పడ్డాయి. నీరంతా, కొల్లేటిని సముద్రంలోకి మోసుకుపోయే ఉప్పుటేరు వైపు లాగుతోంది. గెడ అందని లోతు, నిలవని దోనె. దిక్కు తెలియక ఆ లాగుడులోకి పోతే ఉప్పుటేరు ముఖం దగ్గర సుడిలో పడ్డట్టే. కిందటి వానల్లో అలా పోయిన మనిషి దొరకనే లేదు.

దుర్గమ్మ నీళ్ళంచుకు పరుగెత్తింది. "ఏవయ్యో" అని గొంతెత్తి పిలిచింది.

"ఓయ్" అని దూరంగా పలికాడు. ప్రాణం కాస్త కుదుటపడింది. అంతలో ఎడమవైపు దిబ్బ మీదనుంచి ఇంకో ఆడగొంతు "ఏవయ్యో" అంది. కుడివైపు నుంచి ఇంకొకటి. లంక లంకకీ మొగుళ్ళు నీళ్ళ మీదే ఉన్నారు, పెళ్ళాలందరిదీ అదే పిలుపు, అదే రాగం. మంచులో గొంతులన్నీ కలిసిపోయి ఏ పిలుపు ఎటునుంచి వస్తోందో తెలియకుండా పోయింది. ఎవరి మొగుడు ఎవరికి పలుకుతున్నాడో ఆ అప్పన్నకే తెలియాలి.

చప్పుడుకి నిర్మల, దొరసాని లేచి వచ్చారు. దుర్గమ్మ సంగతి చెప్పింది. నిర్మల చదువుకున్న పిల్ల, వెంటనే ఉపాయం ఆలోచించింది. "పేరు పెట్టి పిలుద్దాం," అంది. బడిలో పిల్లల్ని కేకేసి కేకేసి పదునెక్కిన గొంతుతో "అప్పన్నగారూ! కొండప్పగారూ!" అని అరిచింది. దొరసాని కూడా తనకు వచ్చినట్టు "అపానా" అని అందుకుంది.

"అది కాదమ్మా. ఆ కొండ పేరు," అంది దుర్గమ్మ.

"ఏ కొండ?"

"చందనం పూసుకునే సామి కొండండి."

"నాకు తెలియదు దుర్గమ్మా, ఆ పేరేమిటో చెప్పు."

అదొక్కటే కదా ఆమె చెప్పలేనిది. మంచులోంచి మళ్ళీ "ఓయ్" వినిపించింది. ఈసారి ఇంకా దూరంగా, ఉప్పుటేరు వైపు. దుర్గమ్మకు జరిగింది అర్థమైంది. అప్పన్న అని ఉత్తరపు లంకలో నిజంగానే ఒకాయన ఉన్నాడు. కొత్త గొంతులు అప్పన్నను పిలుస్తుంటే, ఇది అప్పన్న దిబ్బ కాబోలు, దారి తప్పానని సింహాచలం దోనె అవతలికి తిప్పుకున్నాడు. ఇంటివైపు వస్తున్నవాణ్ణి తామే తరిమేశారు.

పిలిస్తే ఆయుష్షు తరుగుతుంది. పిలవకపోతే అసలు మిగలదు. దుర్గమ్మ ఇంతకంటే ఆలోచించలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, చీర చెరగు రెండు పిడికిళ్ళతో పట్టుకుని, "సింహాచలం!" అని పిలిచింది.

మొదటిసారి గొంతు పెగల్లేదు. రెండోసారి వచ్చింది. మూడోసారి కొల్లేరంతా వినపడేలా వచ్చింది. చుట్టుపక్కల దిబ్బల మీద పిలుపులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో "ఓయ్, ఓయ్" అని గబగబా పలుకు వచ్చింది. ఆమె పిలుస్తూనే ఉంది. పలుకు దగ్గరవుతూనే ఉంది. కాసేపటికి గెడ నీళ్ళలో పడే చప్పుడు, ఆ తర్వాత దోనె ముక్కు, దాని వెనక తడిసి ముద్దయిన మనిషి.

దోనె ఒడ్డుకు తగలగానే దుర్గమ్మ ఏడుస్తూ కూలబడింది. ఆయన బతికి వచ్చినందుకు కొంత, తన నోటితోనే ఆయన ఆయుష్షు తరిగేసినందుకు కొంత. "అపచారం చేశానయ్యా," అంది. "నోటితో అనేశాను. నీ పేరు అనేశాను."

సింహాచలం గెడ నేలకు గుచ్చి, దోనె తాడు దానికి కట్టి, తలగుడ్డ విప్పి పిండుకున్నాడు. అంతా అయ్యాక పెళ్ళాం వైపు చూశాడు.

"పేరా?" అన్నాడు. "నాకేం పేరు వినపడలేదే. ఏదో పిలుపు వినపడింది, వచ్చాను."

"నిజంగానా?"

"మంచులో మాట తెలుస్తదేంటే. వినపడని పేరు పిలిచినట్టా? లే, చుట్టాలున్నారు."

నిర్మలకు అబద్ధం వింటే నోరు ఆగదు. బడిపంతులమ్మ కదా. "అదేమిటయ్యా, ఆమె సింహా..." అనబోయింది. దొరసాని ఆమె భుజం మీద చెయ్యి వేసింది. మాటల్లో ఒక్కటీ తెలియని మనిషి, నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది. నిర్మల ఆగిపోయింది.

దుర్గమ్మకు అన్నీ తెలుసు. పేరు పడిన వెంటనే పలికిన ఆ "ఓయ్" ఆమె చెవుల్లోనే ఉంది. ఆ పేరు పట్టుకునే ఆయన ఉప్పుటేరు వైపు నుంచి వెనక్కి తిరిగాడు. ఇప్పుడు ఆమె గుండె బరువు దించడానికి, ప్రాణం నిలబెట్టిన పిలుపునే వినలేదంటున్నాడు. దేవుడికైతే ఎన్నోసార్లు దణ్ణం పెట్టింది కానీ, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మనిషికి పెట్టాలని ఎప్పుడూ తోచలేదు. ఎదురుగా పెడితే నవ్వుతాడు. అందుకని వంగి, దోనెలోంచి చేపల బుట్ట అందుకోబోతూ, బుట్ట చాటున రెండు చేతులూ జోడించింది.

దొరసాని ఒక్కతే అది చూసింది. చూసి, తల తిప్పుకుని, కళ్ళు తుడుచుకుంది.