ఉత్తరం కింద పేరు

యకుబు చొక్కాకి ఇస్త్రీ చేస్తున్నాను. "ఉత్తరాలన్నీ నా పేరు మీదే వెళ్లాలి అజరా," అన్నాడు అద్దంలో గడ్డం చూసుకుంటూ. "కింద ఆడపేరు కనిపిస్తే పెద్ద కంపెనీలవాళ్లు లెక్కచెయ్యరు."

మా ఊరు తమాలెలో షియా గింజల నుంచి తీసే వెన్న కంపెనీ యకుబుదీ, వాళ్లన్న ఇద్రిసుదీ. బయటి దేశాల్లో సబ్బులు, క్రీములు చేసేవాళ్లకి ఈమెయిళ్లు పంపడం, ఎవరు తెరిచారో ఎవరు జవాబిచ్చారో రిపోర్టు తియ్యడం నా పని. జీతం లేదు. ఇంటి మనిషికి జీతమేమిటి? ఎవరైనా వస్తే, "మా ఆవిడ కాస్త టైపింగు చూస్తుంది" అని పరిచయం చేసేవాడు. అత్తమ్మ సనాతుదింకో పాట. "పొద్దస్తమానం ఆ పెట్టె ముందు కూచుని ఏం ఊడబొడుస్తున్నావే? పొయ్యి మీద పిండి దానంతటదే ఉడుకుద్దా?"

యకుబు ఉత్తరంలో 'ప్రపంచస్థాయి నాణ్యత' మూడుచోట్ల ఉండేది. రిపోర్టు చూసి, "సగంమంది తెరిచారు" అని పొంగిపోయేవాడు. చాలాసార్లు తెరిచేది మనిషి కాదు, వాళ్ల మెయిలు యంత్రమే అని చెప్పాను. మనిషి చదివాడా లేదా అన్నది జవాబు చెప్తుందన్నాను. "అంకె పెద్దగా ఉందిగా, నీకెందుకు బాధ?" అన్నాడు.

అమ్మకాలు పెరగలేదు. రాజధాని ఆక్రా నుంచి ఒకతన్ని అమ్మకాలకి అధికారిగా తెస్తున్నామని బావగారు చెప్పారు. అతనికి జీతం, కారు. "పని నువ్వే నేర్పాలమ్మాయ్," అన్నారు ప్రేమగానే. నేర్పేంత పని నాకొచ్చని వాళ్లకి తెలుసన్నమాట. ఆ పని నాకివ్వాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. కోపం వచ్చిందని కూడా అనలేను. ఇన్నాళ్లూ నన్ను నేనే టైపింగు అని పిలుచుకున్నానేమో అనిపించి సిగ్గేసింది.

"ఈసారి ఉత్తరాలు పంపే జాబితాలో సగం నాకివ్వు. నా ఉత్తరం, నా పేరుతో," అన్నాను.

యకుబు నవ్వాడు. "పంపుకో. నీ సరదా ఎందుకు కాదనాలి?"

జాబితాలో పేర్లు కలగలిపి చెరి సగం చేశాను. శీర్షిక ఒకటే, పంపిన వేళ ఒకటే. లోపల మాత్రం మా పెరట్లో ఆడవాళ్లు గింజలు వేయించే వాసన రాశాను. పిసుకుతున్న ముద్ద తెల్లబడే క్షణాన్ని మా అత్తగారు సనాతు అరచేత్తోనే ఎలా కనిపెడుతుందో రాశాను.

రెండు వారాలకి అన్నదమ్ములిద్దరికీ ఆఫీసు గోడ మీద రిపోర్టు గీతలుగా వేసి చూపించాను. తెరిచినవాళ్లు రెండువైపులా ఇంచుమించు సమానం. జవాబుల దగ్గర యకుబు గీత నేలకి అంటుకుని ఉంది, నాది పైకి లేచింది. నమూనా పంపమని అడిగినవాళ్లంతా నావైపే.

ఇద్రిసు కళ్లజోడు సర్దుకున్నారు. "ఎవరిదీ ఉత్తరం?"

"ఎవరిదైతే ఏముందన్నా, అంతా ఒకే ఇల్లు," అన్నాడు యకుబు.

"ఇల్లు ఒకటే. ఉత్తరం నాది," అన్నాను.  

అప్పుడే టీ తెచ్చిన అత్తమ్మ గుమ్మంలో ఆగింది. ఉత్తరంలో ఏముందో చదివి వినిపించమంది. విని, "దాంట్లో నా పేరెందుకే?" అంది.

"చేసేది మీరేగా అత్తమ్మా."

ఆవిడ టీ కప్పులు కొడుకుల చేతికిచ్చి, ఆ గదిలో ఎన్నడూ కూర్చోని మనిషి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"మరి ఆక్రా అతను?" అన్నారు ఇద్రిసు.

"రానివ్వండి బావగారూ. పని నేర్పుతానన్నాగా. కాకపోతే నా జీతం అతని జీతం కన్నా ఎక్కువుండాలి."

బావగారు తమ్ముడి వంక, తల్లి వంక, గోడ మీద గీత వంక చూశారు. "అలాగే కానివ్వు," అన్నారు.

అక్కడే కూర్చుని అతనికి ఈమెయిలు రాశాను: సోమవారం చేరండి, మీరు నా కింద పనిచేస్తారు. చివర 'అజరా, అమ్మకాల అధికారి' అని రాసి, ఓసారి చూపించమని యకుబు చెయ్యి చాపేలోపే పంపేశాను.