చిక్కు తీయకుండా పోసిన నీళ్లు

రత్నమాల ఇంటి గేటు తీసినప్పుడల్లా చంద్రమ్మకు ఒళ్లు మండేది. తువ్వాలును రెండు వేళ్లతో పట్టుకుని అందించేది రత్నమాల. పని అయ్యేదాకా స్నానాలగది గుమ్మం దగ్గర కాపలా నిలబడేది.

చంద్రమ్మది మాదాపూర్‌లో గొర్రెలు కాచిన ఇల్లు. మేత భూములు ప్లాట్లయ్యాక కుక్కల డాక్టరు దగ్గర రెండేళ్లు పనిచేసి, పొడుగు బొచ్చు కుక్కలను కడిగి దువ్వడం నేర్చుకుంది. సైబర్ టవర్స్ వెనక కాలనీలో నాలుగిళ్లలో కుక్కల పని ఆమెదే. కాకినాడ నుంచి వచ్చిన రత్నమాల ఇంట్లో మిల్కీ అనే తెల్లటి కుక్క ఉంది. దానికి రెండు నెలలకోసారి బంజారాహిల్స్‌లో బొచ్చు కత్తిరిస్తారు. మధ్య వారాల్లో దాన్ని చూసుకోవడం చంద్రమ్మ వంతు.

వానల్లో గచ్చు బురదవుతుందని రత్నమాల మూడు వారాలు రావద్దంది. నాలుగో శనివారం పిలిచేసరికి మిల్కీ చెవుల వెనక, చంకల్లో బొచ్చు ఉండలు కట్టింది. చంద్రమ్మ దువ్వెన తీసి కూర్చుంది. పదకొండుకి చుట్టాలొస్తారు, దువ్వడం తర్వాత, ముందు కడిగెయ్యమంది రత్నమాల.

“చిక్కు తియ్యకుంట నీళ్లు పోస్తే గట్టిపడ్తదమ్మా. ఇగ దువ్వెన దిగది. తోలు గుంజుకపోతది. గంటసేపు ఆగు.”

“గొర్రెల్ని కడుక్కునేదానివి, నాకు నేర్పుతున్నావా?”

“నీళ్లు నేను పొయ్య.”

రత్నమాల చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని తనే బకెట్టు ఎత్తి కుక్క మీద కుమ్మరించింది. షాంపూ రాసి గరగరా రుద్దింది. చంద్రమ్మ తన సంచీ సర్దుకుని వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే మిల్కీకి చంకల్లో తోలు ఎర్రబడి చీము పట్టింది. బంజారాహిల్స్‌లో బొచ్చంతా గొరిగేసి పంపారు. చంద్రమ్మ మొరటు చేతులే దానికి కారణమని రత్నమాల కాలనీ అంతా చెప్పింది. రెండిళ్లవాళ్లు చంద్రమ్మను మాన్పించారు. మిగిలింది స్వాతి ఇల్లు. కర్నూలు నుంచి వచ్చి కంప్యూటర్ ఆఫీసులో పనిచేసే పిల్ల ఆమె. తనూ మాన్పించాలనే అనుకుంటున్నట్టు మొహమాటంగా చెప్పింది.

చంద్రమ్మ ఆ ఇంటి కుక్కను దువ్వగా రాలిన బొచ్చు పిడికెడు తీసుకుంది. వేడినీళ్లలో ముంచి, సబ్బు వేసి, అరచేతుల మధ్య నలిపింది. కాసేపటికి అది గొంగడి ముక్కలా బిగిసిపోయింది. దాన్ని స్వాతి చేతిలో పెట్టింది.

“చిక్కు తియ్యకుంట నీళ్లు పోస్తే గిట్లయితది. ఇప్పుడు దువ్వి చూడు బిడ్డా. నీళ్లు ఎవరు పోసిన్రో ఆ ఇంట్లనే అడుగు.”

స్వాతి దువ్వెన దించబోయింది. పళ్లు వంగాయి తప్ప దిగలేదు. అప్పటికప్పుడే రత్నమాల ఇంటికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి అడిగింది. పనిమనిషి మాటలు నమ్మి పెద్దవాళ్లను నిలదీస్తావా అంటూ రత్నమాల తలుపు వేసుకుంది. కాదని మాత్రం అనలేదు. స్వాతి ఈ సంగతి కాలనీలో చెప్పాక, ఆ నెలలోనే రెండిళ్లవాళ్లూ చంద్రమ్మను మళ్లీ పిలిచారు.

దసరాకి మిల్కీ బొచ్చు కాస్త పెరిగింది. రత్నమాల వాచ్‌మన్ నర్సయ్యతో కబురంపింది. వచ్చి మునుపటిలా చూసుకోవాలట. జరిగినదాని ఊసే లేదు.

“కాలనీల నలుగురి ముందు నా తప్పు లేదని చెప్పుమను. చెప్పినంక ఆలోచిస్త,” అంది చంద్రమ్మ.

నర్సయ్య మళ్లీ రాలేదు.

ఒకరోజు ఆ వీధిన పోతుంటే మిల్కీ ఆమెను గుర్తుపట్టింది. గేటు ఊచల్లోంచి మూతి బయటపెట్టి కుయ్యిమంది. చెవి వెనక అప్పుడే మళ్లీ ఉండ కట్టింది. చంద్రమ్మ చెయ్యి సంచీలోని దువ్వెన దాకా పోయింది. మేడ మీద రత్నమాల నిలబడి చూస్తోంది. చంద్రమ్మ కూడా తలెత్తి ఆమెనే చూసింది. కుక్క అరుస్తూనే ఉంది. చంద్రమ్మ సంచీ భుజానికెత్తుకుని స్వాతి ఇంటి వైపు నడిచింది.