స్కెల్‌బెక్‌ల ఈత

ఇంగ్లండు మొత్తం మీద స్కెల్‌బెక్ అనే ఇంటిపేరు గలవాళ్లు రెండు బస్సుల్లో సరిపోతారని విల్‌ఫ్రెడ్ స్కెల్‌బెక్ ఏటా అనేవాడు. ఆయన ఉద్యోగమంతా బస్సు నడపడమే కనుక ఆ మాట ఎవరూ కాదనేవారు కాదు. ఏటా జులైలో ఒక శనివారం వాళ్లంతా కంబ్రియా కొండల నడుమ ఉన్న సరస్సు దగ్గర కలిసేవారు. గొర్రెలు కాచే హ్యూ, హల్ పట్టణంలో పచ్చబొట్లు పొడిచే అతను, కోర్టులో పనిచేసే ఒకావిడ, లీడ్స్‌లో బడిపిల్లలకు వంట చేసే డెల్ఫీన్. వీళ్లను కలిపింది ఆ పేరొక్కటే.

డెల్ఫీన్ ముత్తాత బార్బడోస్‌లో ఒకప్పుడు బానిసల చేత పండించిన చెరకు తోటలో పుట్టాడు. తోట యజమాని పేరే ఆయనకూ అంటుకుంది. "నాది పేరే, రక్తం కాదు. మా వాళ్ల చెమటంతా పిండుకుని పేరు మాత్రం ఇచ్చి పంపారు. అయినా కేకు బాగుంటుందని వస్తాను" అంది ఆమె, కొత్తగా వచ్చిన ఆవిస్ పళ్లెంలో పెద్ద ముక్క పెడుతూ.

ఆవిస్ ఆ సమావేశానికి రావడం అదే మొదలు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. తండ్రి వైపు బంధువుల గురించి తల్లి ఎన్నడూ మాట్లాడలేదు. ఆ పేరుతో తనకు తెలిసినవాడు తమ్ముడు ఎడ్మండ్ ఒక్కడే. వాడు మార్చిలో ఒక ఉదయం ఊరి ఈతకొలనులో దిగాడు, మళ్లీ పైకి రాలేదు. బాగా ఈదగలిగినవాడు.

శవపరీక్ష చేసిన డాక్టరు ఆవిస్‌ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. నీళ్లలో పోయినా, పోయింది నీళ్ల వల్ల కాకపోవచ్చు. గుండె కొట్టుకునే తీరులోనే ఏదో లోపం ఉండి ఉండవచ్చు. అది వంశంలో దిగివచ్చే లోపం. ఆమెకూ ఆమె కూతురు టామ్‌సిన్‌కూ పరీక్షలు చేశారు, ఫలితం ఇంకా రాలేదు. అంతవరకూ పిల్ల పరుగెత్తకూడదు, ఈదకూడదు, ఉన్నట్టుండి ఉలిక్కిపడకూడదు. తండ్రి వైపు ఇంకెవరైనా ఇలా పోయారేమో కనుక్కోమన్నాడు. ఆవిస్ ఇదేదీ కూతురికి చెప్పలేదు. మామయ్య పోయిన దిగులుతో అమ్మ తనను నీళ్ల దగ్గరికి పోనివ్వడం లేదని ఆ పదిహేనేళ్ల పిల్ల అనుకుంటోంది.

ఆవిస్ ఒక్కొక్కరి పక్కనా చేరి, తమ్ముడి సంగతి ఎత్తకుండా, మనవాళ్లలో గుండెజబ్బులు ఉన్నాయా అని అడిగింది. హ్యూ పెద్దగా నవ్వాడు. "గుండెజబ్బా? మావాళ్లకు గుండె అనేదొకటి ఉందని డాక్టర్లకు కూడా తెలియదమ్మా. మా నాయనమ్మ చివరిదాకా గొర్రెల వెంట కొండెక్కింది." మిగిలినవాళ్లూ అలాగే చెప్పారు. పొట్ట, మోకాళ్లు, మతిమరుపు, ఇవే వాళ్ల జబ్బులు. ఆవిస్ నోట్లో పెట్టుకున్న కేకు చాలా రోజుల తరవాత తియ్యగా తెలిసింది.

అప్పుడు చూసుకుంటే టామ్‌సిన్ పక్కన లేదు.

పిల్లలంతా బట్టలు మార్చుకోవడానికి వెళ్లారని విల్‌ఫ్రెడ్ చెప్పాడు. ప్రతి ఏడూ పిల్లలు సరస్సు ఈది అవతలి గట్టుకు చేరాలి. అది స్కెల్‌బెక్‌ల ఆచారం. తను పడవతో వెంట వెళ్తే గాని ఎవరూ నీళ్లలో దిగరన్నాడు. ఎవరో ఆడపిల్ల తన ఈతబట్టలు టామ్‌సిన్‌కు ఇచ్చిందట. ఆవిస్ పళ్లెం కింద పెట్టింది. ఆ ఆచారం ఎందుకని అడిగింది. 

"నీళ్లు మనవాళ్లను ఊరికే వదలవు తల్లీ. మా బాబాయి మిల్లు చెరువులో పోయాడు. విట్బీలో సముద్రం ఒకణ్ణి తీసుకుపోయింది. మా చెల్లెలు జోన్ ఇక్కడే, ఈ సరస్సులోనే. నా కళ్ల ముందే. అందుకే మన పిల్లల్లో ఈత రానివాళ్లు ఉండకూడదని నేనే ఇది మొదలుపెట్టాను" అన్నాడు విల్‌ఫ్రెడ్.

"మీ చెల్లెలికి ఈత రాదా?"

"జోన్‌కా? ఈతలో దాన్ని అందుకోవడం నా వల్ల కూడా..."

మాట మధ్యలో ఆయనకే ఏదో తట్టింది. హ్యూ నవ్వడం మానేశాడు. ఆచారం మొదలయ్యాక ఎవరూ పోలేదుగా అని విల్‌ఫ్రెడ్ మళ్లీ అనబోయాడు.

"మన పీటర్ నీళ్లలోనే పోయాడు కదా పెద్దాయనా. కాళ్లు పట్టేశాయని అనుకున్నాం. వాడు ఈ సరస్సు ఎన్నిసార్లు ఈదాడు" అన్నాడు హ్యూ నేల చూపులు చూస్తూ.

ఆవిస్ అప్పుడు తమ్ముడి సంగతి చెప్పింది. డాక్టరు అన్నది అన్నట్టే చెప్పింది. పీటర్ కొడుకులిద్దరూ ఈ ఏడు ఈదేవాళ్లలో ఉన్నారని ఎవరో గొణిగారు. గట్టు మీద ఉన్నవాళ్లందరూ ఆ క్షణంలో తమది పేరే కావాలని, రక్తం కాకూడదని కోరుకున్నారు.

నీళ్ల చప్పుడు వినిపించింది. విల్‌ఫ్రెడ్ మాటల్లో పడి ఆలస్యం చేశాడు. పిల్లలు ఆయన కోసం ఆగకుండా దిగిపోయారు. నల్లని నీటి మీద తలలు దూరమవుతున్నాయి. అందరికంటే ముందు టామ్‌సిన్. ఇన్ని నెలలుగా ఆపి ఉంచిన బలమంతా చేతుల్లోకి తెచ్చుకుని ఈదుతోంది.

ఆవిస్ పిలవబోయి నోరు నొక్కుకుంది. ఉలిక్కిపడకూడదు. పక్కన ఒకాయన చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కేకెయ్యబోతుంటే డెల్ఫీన్ ఆ చేతులు కిందికి లాగింది.

"అరవకండి. ఎవరూ అరవకండి. చప్పట్లు కూడా వద్దు" అంది. ఆమె మనవరాలు కూడా నీళ్లలో ఉంది. "రక్తం కాదని నేనేగా అన్నాను. ఆ తోట యజమాని మా ఆడవాళ్లను ఏం చేశాడో మాకెవరు చెప్పారు?"

పిల్లల వెంట వెళ్లవలసిన పడవ ఇంకా గట్టునే కట్టి ఉంది. విల్‌ఫ్రెడ్ తాడు విప్పాడు. ఆవిస్ బూట్లతోనే నీళ్లలో దిగి ఎక్కింది. డెల్ఫీన్, హ్యూ చెరో తెడ్డూ పట్టుకున్నారు. వెనకాల గట్టు మీద అంతమంది జనం ఉన్నా గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. దారిలో వెనకబడిన పిల్లలను విల్‌ఫ్రెడ్ ఒక్కొక్కరినీ పేరు పెట్టి మెల్లగా పిలిచాడు. ఈదడం ఆపి వెల్లకిలా తేలండి నాయనా, తొందరేం లేదు, మళ్లీ వస్తాం అన్నాడు. అందరినీ ఒకేసారి ఎక్కించుకోవడానికి పడవ చాలదు. ముందుకు పోయినవాళ్లకు ఆ మాట వినబడదు.

టామ్‌సిన్ సరస్సు మధ్యకు చేరింది. ఒక చెయ్యి లేచింది, పడింది. ఆవిస్ రెండో చెయ్యి కోసం చూసింది. అదీ లేచింది. పడవ పక్కకు వచ్చాక, బడికి ఆలస్యమవుతోందని లేపే గొంతుతో, "టామ్‌సిన్, ఇలా రామ్మా. పడవ పట్టుకో" అంది.

పిల్ల తల తిప్పింది. పెదవులు నీలంగా ఉన్నాయి. "ఏంటమ్మా. నేనే ముందున్నాను. అందరి ముందూ పరువు తీస్తావా?"

"తీస్తాను. పట్టుకో."

టామ్‌సిన్ విసుగ్గా పడవ అంచు పట్టుకుంది. ఆవిస్ ఆమె మణికట్టు అందుకుంది. వేళ్ల కింద నాడి గబగబా కొట్టుకుంటోంది. ఈదినందుకా, ఇంకేదైనానా, ఆమెకు తెలియలేదు. హ్యూ వంగి పిల్లను చంకల కింద పట్టి పైకి లాగాడు. ఆవిస్ తన కోటు విప్పి కప్పింది గాని మణికట్టు వదలలేదు.

విల్‌ఫ్రెడ్ నీటి వైపు చూస్తున్నాడు. ఈలోగా టామ్‌సిన్‌ను దాటిపోయిన తలలు అవతలి గట్టు వైపు ఇంకా కదులుతున్నాయి.

"తర్వాత ఎవరు?" అన్నాడు.  డెల్ఫీన్ అప్పటికే తెడ్డు వేస్తోంది, దగ్గరగా ఉన్న తన మనవరాలిని దాటి, అందరికంటే దూరంగా ఉన్న పీటర్ కొడుకుల వైపు.