ఏడు ఈలపిట్టలు

ఈలపిట్ట పిడికిట్లో పట్టేంత ఉంటుంది. కొండ నెత్తిమీద మంచు పట్టి ఉండే అడవిని వదిలి కిందికి దిగదు. అవి ఇంకా మిగిలి ఉన్నాయని తేలితే అడవి ఉంటుంది, లేవంటే కొండ తొలిచి రోడ్డు వేస్తారు. లెక్క తేల్చే పని ఒక అమ్మాయికి అప్పజెప్పారు. ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి ఆమే. పరీక్ష రాసినంత భయభక్తులతో పని చేసింది.

రికార్డు చేసిన కూత స్పీకర్లో వినిపించి ఆపాలి. దగ్గర్లో మగపిట్ట ఉంటే, తన చోటుకి ఎవరో వచ్చారనుకుని బదులిస్తుంది. చెరో స్పీకరుతో లోయకు ఇటు ఆమె, అటు అడవి వాచరుగా చేసే బాబాయి. మూడు ఉదయాల్లో ఏడు చోట్ల బదులు విని, రికార్డు చేసి, ఏడని రాసుకుంది.

రిపోర్టు పంపే ముందు ఆ ఏడు కూతలనూ కంప్యూటర్లో గీతలుగా పెట్టి చూసింది. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒక్కటే. వెంట్రుకవాసి తేడా అయినా లేకుండా ఏ పిట్టా రెండుసార్లు పాడదు.

"బాబాయ్, అవతల నువ్వెప్పుడెప్పుడు స్పీకరు నొక్కావు?"

"పిట్ట కూసినప్పుడల్లా. దగ్గరికి రప్పించమన్నావుగా."

"ఆ కూసింది నా స్పీకరు."

గాలి లేని మంచులో చప్పుడు లోయ దాటుతుందని ఆమెకు తట్టలేదు. బాబాయి కాసేపు గెడ్డం గోక్కున్నాడు.

"ముప్పై ఏళ్ల సర్వీసు. డబ్బా కూస్తే డబ్బాతో బదులిచ్చానన్నమాట." తర్వాత గొంతు తగ్గించాడు. "ఇది మనిద్దరికే తెలుసు కదమ్మా. ఏడని పంపెయ్. అడవన్నా మిగులుతుంది."

గడువు ఇంకా మూడు రోజులుంది. మూడు ఉదయాలూ ఇద్దరూ ఒకే స్పీకరుతో గట్టు గట్టుకీ వెళ్లి, పక్కపక్కనే కూర్చున్నారు. వినిపించడం, ఆపడం, ఊపిరి బిగబట్టి ఆగడం. ఆకుల మీంచి నీళ్లు కారిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

చివరి రోజు కారు బానెట్ మీద కాగితం పరిచి, ఏడు కొట్టేసి సున్నా రాసింది. సంతకం చేసింది. రెండో సంతకం బాబాయిది.

"చదువుకున్నదానివి, ఇంకోలా రాయలేవా?"

"చదువుకున్నా కాబట్టే రాయలేను బాబాయ్."

ఆయన పెన్ను తీసుకుని, పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. కాగితం వైపు చాలాసేపు చూశాడు.

"ఆ సున్నా కాస్త చిన్నగా రాయాల్సిందమ్మా," అన్నాడు.