సీతమ్మది ఏ ఊరు

దేవుడికి అడ్రసు తప్పు చెప్తే ప్రసాదం ఎవరింటికి పోతుంది నాన్నా అని చిన్మయి మళ్ళీ మొదలుపెట్టింది, పొద్దుట్నించీ ఇదే గొడవ, టీవీలో పంతులుగారు సంకల్పం చెప్తూ కృష్ణా గోదావరుల మధ్య దేశంలో అనగానే అది రిమోట్ నొక్కి ఆయన్ని తెరిచిన నోరు తెరిచినట్టే ఆపేస్తోంది, మనం కూర్చున్నది కలకత్తాలో భవానీపూర్, దగ్గర్లో పారేది గంగ, ఆ మాటే చెప్పుకుందాం అంటుంది, ఈయన పీట మీద నుంచి లేవలేరు, లేస్తే నా కొంగుతో వేసిన ముడి ఊడుతుంది, కూర్చున్న చోటి నుంచే కళ్ళెర్రజేసి మన పుట్టినగడ్డ అటే, అక్కడి మాటే చెప్పాల, నీకేటి తెలుసు అంటున్నారు, మన టెక్కలి గోదావరి దాటి ఎంతో పైకి ఉంది, అది కూడా ఆ మధ్యలోకి రాదు నాన్నా, మ్యాప్ చూపించనా అని కూతురు, ధ్యాత్ అని తండ్రి, ఏటర్రా ఆ కీచులాట, దేవుడికి దారి తెలీదేటి అని గోడవారగా కుర్చీలో కూర్చున్న మా అత్తగారు మహాలక్ష్మమ్మ, నా గుప్పిట్లో అక్షతలు చెమటకి ముద్దయిపోతున్నాయి, మోకాళ్ళు లాగుతున్నాయి, రవ్వ వేయించి మూత పెట్టానో లేదో గుర్తురావడం లేదు, ఇంతలో ఈయన రిమోట్ లాక్కుని నొక్కారు, పంతులుగారు కదలబోయి మాయమయ్యారు, ఆయన బదులు పచ్చటి పొలాలు, వెనక వేణువు, నుదుటికి మట్టి రాసుకుంటున్న ఒక కుర్రాడు, రండి, కన్నతల్లి లాంటి నేల మీద మీ సొంత ప్లాట్, చిన్మయి పొట్ట పట్టుకుని నవ్వింది, సంకల్పం మధ్యలో యాడ్, బాబారే, ఈయన నవ్వలేదు, స్కిప్ అని వచ్చినా నొక్కలేదు, చివరిదాకా చూశారు, చూడరూ మరి, ఈయన కొనబోయేది ఆ ప్లాటే.

సాయంత్రం ఈ ఫ్లాటు కొనే ఆయన కాగితాలు పట్టుకుని వస్తాడు, ఇల్లు ఇద్దరి పేరు మీదా ఉంది కాబట్టి ఇద్దరం సంతకాలు పెట్టాలి, అంతా మంచే జరగాలని పొద్దున్నే ఈ సత్యనారాయణ వ్రతం, నన్ను అడగలేదా అంటే అడిగారు, అన్నం తింటూ, ఏమంటావు రమా అని, నేను మజ్జిగ పొయ్యనా అన్నాను, దాన్నే సరే అనుకున్నారు, పెళ్ళయిన దగ్గర్నించీ నా సరేలన్నీ ఇలాంటివే, పోర్టు ఆఫీసులో రిటైరయ్యాక ఈయనకి ఈ ఫోనూ ఈ టీవీయే లోకం, ఒక ఛానెల్లో దేశపటం మీద చీర కట్టుకుని నిలబడ్డ భరతమాత, ఇంకోదాంట్లో మట్టి మట్టి అని గొంతు చించుకునే యాంకరు, మరోదాంట్లో ఎర్రనేల మీద మొదటి వాన, చూస్తూ కళ్ళు తుడుచుకుంటారు, పాపం నాకూ జాలే, ఆరేళ్ళప్పుడు మామగారు ఓడరేవులో పనికని వస్తూ చెయ్యి పట్టుకుని తెచ్చేశారు, ఆ ఊళ్ళో ఈయనకి గుర్తున్నవి ఒక నూతి గిలక, ఒక గేదె విరిగిన కొమ్ము, అంతే, పెళ్ళిళ్ళకి వెళ్తే అక్కడివాళ్ళు కలకత్తావోడొచ్చినాడు అంటారు, ఇక్కడ మా వీధిలో ఇప్పటికీ మద్రాజీ దాదా, ఎక్కడా ఆనని మనిషికి నీకొక తల్లి ఉంది, నీకోసం ఎదురుచూస్తోంది అని రోజూ టీవీ చెప్తుంటే నమ్మక ఏం చేస్తారు, కానీ ఆ ప్లాటు టెక్కలిలో కూడా కాదు, విశాఖపట్నం కూడా దాటి పోయాక హైవే పక్కన, ఒక గేటు, నాలుగు కొబ్బరి మొక్కలు, ఈయన పుట్టిన ఇంటికి కార్లో మూడు గంటల పైనే, మొన్న చిన్మయి ఆ మాటే అంటే అంతా ఒకటే గడ్డ అన్నారు, అంతా ఒకటే అయితే ఈ గడ్డ ఏం పాపం చేసింది అని నా నోటిదాకా వచ్చింది, కుక్కరు కూసింది, లేచి వెళ్ళిపోయాను.

పంతులుగారు కథలోకి దిగారు, ఓడల మీద సరుకు వేసుకుని ఊళ్ళు తిరిగే వర్తకుడు, ఇంటి దగ్గర ఎదురుచూసే ఆడవాళ్ళు, చెవి కథ మీదే ఉంది గానీ మనసు కలకత్తా శివార్లలోని బడ్జ్ బడ్జ్ వెళ్ళిపోయింది, నేను పుట్టింది అక్కడే, జూట్ మిల్లు కూలీల ఇళ్ళ లైన్లో, పొద్దుటి షిఫ్టు సైరన్ కూసే వేళకట, మా నాన్న వెంకటరత్నం మగ్గాల ఖాతాలో, అంటే నేత విభాగంలో పని, ఒంటి నిండా నారధూళితో వచ్చేవాడు, దగ్గర కూర్చోబెట్టుకుంటే తుమ్ములొచ్చేవి, ఆ మిల్లు మూతపడింది, లైను కూల్చేసి గోడౌన్ కట్టారు, ఇప్పటికీ కొత్త గోనెసంచి విప్పితే ఆ వాసనకి నా కళ్ళు చెమరుస్తాయి, దాన్నెవరూ మట్టివాసన అనరు, దానికి వేణువు పెట్టి వీడియో తియ్యరు, పెళ్ళినాడు మా అమ్మ జడ వేస్తూ ఇంక నీ ఊరు టెక్కలే అమ్మా అంది, అప్పటికి నేను టెక్కలి మొహం చూడలేదు, ఇంటిపేరు మారుతుందని తెలుసు, గోత్రం మారుతుందని తెలుసు, పుట్టిన చోటు కూడా మారిపోతుందని ఆ రోజే తెలిసింది, ఆ తర్వాత మీదే ఊరని ఎవరడిగినా టెక్కలే అన్నాను, అబద్ధం అనిపించేది కాదు, అలవాటు అనిపించేది, మరి చిన్మయిని కన్నది ఈ ఊళ్ళో, మా అమ్మకి కొరివి పెట్టింది ఈ గంగ ఒడ్డున, సందు చివర చేపలతను నాకోసం తలకాయ పక్కన పెట్టి బౌదీ అని, వదినా అని, మేడ మీదకి వినపడేలా కేకేస్తాడు, నేను వెళ్ళిపోతే రెండు రోజులు కేకేసి మానేస్తాడు కాబోలు, ఆ హైవే పక్కన నన్ను ఎవరు పిలుస్తారు, ఏమని పిలుస్తారు, అక్షతలు వెయ్యి రమా, అక్షతలు, అని ఈయన మోచేత్తో పొడిచారు.

హారతి ఇచ్చాను, ముడి విప్పారు, కాళ్ళు తిమ్మిరెక్కి లేవబోతే గోడ పట్టుకోవాల్సి వచ్చింది, అత్తగారికి హారతి అద్దుతూ అత్తమ్మా, మీకు ఊరెళ్ళాలనుందా అని అడిగాను, ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు, ఆవిడ నా మొహంలోకి వింతగా చూసింది, నాకేటి ఊరే, మా అయ్య ఊరు వంశధార కోసుకుపోనాది, పెళ్ళినాడు బండెక్కించినారు, నా కొడుకు జగ్గడికి పళ్ళూడే వేళకి రైలెక్కించినారు, ఇప్పుడు ఇమానం ఎక్కిస్తారట, నన్నెవులడిగినారు, నువ్వడిగినావు, సంతోషం, కూసింత పెసాదం పెట్టు అంది, చిన్మయీ, నువ్వెక్కడుంటావే అంటే న్యూ టౌన్‌లో ఆఫీసు దగ్గర ఏదో గది చూసుకుంటాలే అమ్మా అని ఫోన్లోంచి తలెత్తకుండా అంది, తలెత్తితే కళ్ళు కనపడతాయని కాబోలు, కిటికీలోంచి చూస్తే వీధి మలుపులో దుర్గాపూజ పందిరికి వెదుళ్ళు కడుతున్నారు, ఇంకొన్నాళ్ళకి అమ్మవారు పుట్టింటికి వస్తుంది, వీధి వీధంతా కూతురొచ్చిందని పండగ చేస్తారు, చివరిరోజు పై అంతస్తు ఆవిడా నేనూ అమ్మవారి నోటికి మిఠాయి అందించి, బుగ్గలకి సిందూరం రాసి, మళ్ళీ రా తల్లీ అని గంగ దాకా సాగనంపుతాం, ఉండాలనుందా అని మాత్రం ఎవరం అడగం, అంత దేవతకీ పుట్టిల్లు అంటే ఏడాదికి నాలుగు రోజులే, అలిసిపోయాను, వంట మిగిలింది, గిన్నెలు మిగిలాయి, సాయంత్రానికి ఈ హాలు కడగాలి, సంతకాలు పెట్టించుకోవడానికి వచ్చే మనుషులు కూర్చోవాలి కదా.

టీవీలో వ్రతం అయిపోయి దానంతటదే ఇంకో వీడియో మొదలైంది, కాషాయం శాలువా కప్పుకున్న పెద్దాయన, లంక బంగారంతో మెరిసిపోతున్నా రాముడు వద్దన్నాడు, తల్లీ పుట్టిన నేలా స్వర్గం కన్నా గొప్పవన్నాడు అని గద్గదంగా చెప్తున్నాడు, ఈయన చేతులు జోడించారు, విన్నావా రమా అన్నారు, విన్నాను, ఎన్నోసార్లు విన్నాను, కానీ ఇవాళ రాముడి పక్కనున్న మనిషి మీదకి పోయింది నా దృష్టి, అప్పుడు సీతమ్మ పక్కనే ఉంది కదా, రాముడు పుట్టిన చోటికి బయల్దేరుతున్నారు, సీతమ్మది ఏ ఊరు, ఆవిడది ఒక నాగటిచాలు, ఎక్కడో మిథిలలో, అటు పోదామని ఎవరూ అనలేదు, ఆవిడా అడగలేదు, నాలాగే మజ్జిగ పొయ్యనా అందేమో, మనందరికీ నేల తల్లి లాంటిది అంటాం, సీతమ్మ ఒక్కదానికే నేల నిజంగా తల్లి, అలాంటి సీతమ్మ కూడా ఇంక చాలు అనుకున్న రోజున మిథిలకి బండి కట్టమనలేదు, తను దొరికిన చాలు ఎక్కడుందని వెతుక్కోలేదు, నిలబడ్డ చోటే అమ్మా అంది, నేల అక్కడే పలికింది, పళ్ళెంలో ప్రసాదం సర్దుతున్న నా చెయ్యి ఆగిపోయింది, అంటే వెళ్ళాల్సిన చోటేమీ లేదన్నమాట, ఇన్నేళ్ళూ మగపిల్లలు తల్లిని వెతుక్కుంటూ పాడుకున్న పాటల్ని నేను నా పాటలనుకున్నాను, నాకు నేల విచ్చుకోనక్కర్లేదు, నేను లోపలికి పోను, ఎంత అలిసినా అంత అలిసిపోలేదు, కాళ్ళ కింద కదలకుండా ఉంటే చాలు, అది ఇక్కడుంది, ఈయనకి ఒక దొన్నె, అత్తగారికి ఒకటి, చిన్మయికి ఒకటి ఇచ్చి, టీవీ ఆపి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని, గొంతు పెంచకుండా, ఏవండీ, సాయంత్రం వాళ్ళని రావద్దని చెప్పండి, నేను సంతకం పెట్టను, మీకు అక్కడ ఉండాలనిపిస్తే ఉన్నన్నాళ్ళు ఉండి రండి, వద్దనను, అత్తమ్మ ఎక్కడుండాలో అత్తమ్మే చెప్తారు, నేను మాత్రం ఈ ఇంట్లోనే ఉంటాను అన్నాను.